హెక్సేన్‌కు ఆరో ఐసోమర్

నేను ముప్పై మూడేళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పాను. అందులో పంతొమ్మిదేళ్ళు లోకంలో లేని ఒక పదార్థాన్ని కూడా చెప్పాను. దాని మీద పరీక్షలు పెట్టాను, దాన్ని రాయని పిల్లలకు మార్కులు కొట్టేశాను, ఒక కాలేజీ స్టాఫ్ అంతా చేతులెత్తి దాన్ని ఆమోదించేదాకా తెచ్చాను. కొత్తగా చాక్‌పీసు పట్టుకున్న అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీకేమైనా పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. పనికి రాకపోతే నవ్వుకోండి, నవ్వుకునే చోట్లు చాలానే ఉన్నాయి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కాలేజీ పుంగనూరుకు కాస్త బయట. ఒక సొసైటీ వాళ్ళు నడిపేవారు, వాళ్ళ ఆఫీసు మదనపల్లెలో. నా ఇల్లూ మదనపల్లెలోనే, మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో. రోజూ బస్సులో పోయి వచ్చేవాడిని. మా నాన్న ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసేవాడు. అంతకుముందు కూలీ. మా ఇంట్లో చొక్కా జేబుకు పెన్ను తగిలించుకున్న మొదటి మనిషిని నేనే. నాన్న నాకు చేసిన బోధ ఒక్కటే: "తప్పు జరిగితే నేను గాదని చెప్పాల. ఒప్పుకున్నోనికి రేప్పొద్దున పనుండదు." కూలీకి అది అక్షరాలా నిజం. లెక్చరర్‌కు వర్తించదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ కనుక్కోలేదు.

కెమిస్ట్రీ చదవని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక పదార్థంలో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో చెప్పేది అణుఫార్ములా. హెక్సేన్‌ది C6H14. ఆరు కార్బన్లు, పధ్నాలుగు హైడ్రోజన్లు. అవే పరమాణువుల్ని వేరే వరసలో కలిపితే ఇంకో పదార్థం అవుతుంది. అవే బియ్యం, అవే మినప్పప్పు, ఒక పూట దోసె, ఒక పూట ఇడ్లీ అయినట్టు. ఇలా ఒకే ఫార్ములా ఉండి నిర్మాణం వేరుగా ఉన్నవాటిని ఐసోమర్లంటాం. హెక్సేన్ ఫార్ములాకు ఐదు ఐసోమర్లని పుస్తకంలో అచ్చేసి ఉంటుంది.

దీన్ని నేను టమాటాలతో చెప్పేవాడిని. ప్లాస్టిక్ బంతులతో చేసిన నమూనాల పెట్టె కాలేజీలో ఒకటి ఉండేది కానీ దాని తాళంచెవి పాత ప్రిన్సిపాల్ బదిలీ అయినప్పుడు ఆయన వెంట పోయింది. మదనపల్లెలో పుట్టినవాడికి టమాటాలకు కరువా? మార్కెట్ యార్డులో కాయలు ఏరే ఆడవాళ్ళు పక్కన పడేసినవాటిలో గట్టి దోరకాయలు సంచీలో వేసుకుని బస్సెక్కేవాడిని. టమాటా కార్బన్, చీపురుపుల్ల బంధం. హైడ్రోజన్లను మాత్రం ఊహించుకోమనేవాడిని. ఒకసారి హైడ్రోజన్లకని వేరుశనక్కాయలు తెస్తే, నేను బోర్డు వైపు తిరిగేలోపు క్లాసు మొత్తం తినేసింది.

ఇంత శ్రద్ధగా చెప్పేవాడిని గదా, తప్పు ఎక్కడ దూరింది? చెప్తాను. ఒక ఏడాది బోర్డు మీద ఒక పద్ధతిగా వేసుకుంటూ పోయాను. ఆరు కార్బన్లూ వరసగా, ఒకటి. ఐదు వరసగా పెట్టి మిగిలినదాన్ని రెండో కార్బన్‌కో, నడిమిదానికో కొమ్మగా వేస్తే ఇంకో రెండు. నాలుగు వరసగా పెట్టి రెండు విడి కొమ్మలు వేస్తే ఇంకో రెండు. మొత్తం ఐదు. పుస్తకం ఇక్కడ ఆగింది. నేను ఆగలేదు. నాలుగు వరసగా పెట్టి, మిగిలిన రెండింటినీ కలిపి ఒకే పొడుగు కొమ్మగా రెండో కార్బన్‌కు తగిలించాను. ఆరు! దానికి 2-ఇథైల్ బ్యూటేన్ అని పేరు కూడా పెట్టాను.

ఎవరైనా అయితే తనను తాను అనుమానిస్తారు. నేను పుస్తకాన్ని అనుమానించాను. అంతమంది పెద్దవాళ్ళు కూర్చుని రాసిన పుస్తకంలో లేనిది, స్ట్రెచర్లు తోసిన మనిషి కొడుక్కి కనబడిందని నా ఛాతీ ఉబ్బిపోయింది. పుస్తకం వేసినవాళ్ళకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు గదా, మిగిలిన సగం నేను కలుపుకున్నాను.

అప్పటినుంచి ప్రతి ఏడాదీ ఆ పాఠం రోజున ఒక తంతు జరిగేది. పిల్లలందరూ పుస్తకం తెరిచి, అందులో 5 కొట్టేసి, ఎర్ర పెన్నుతో 6 రాయాలి. ఎర్ర పెన్ను తెచ్చుకోని వాళ్ళు బయట నిలబడాలి. లైబ్రరీ పుస్తకాలు కూడా వదల్లేదు. నా దగ్గర చదివినవాళ్ళు సోమలలో, పెద్దతిప్పసముద్రంలో, కుప్పంలో టీచర్లయ్యారు, వాళ్ళ పిల్లల చేత కూడా ఎర్ర పెన్నులు తెప్పించారు. బస్సులో ఎవరైనా కనబడి "ఆరు సార్ గదా మీరు" అంటే మురిసిపోయేవాడిని.

నేను రిటైరయ్యే ఏడాది రెండో సెక్షన్‌కు ఒక అమ్మాయి కాంట్రాక్టు లెక్చరర్‌గా వచ్చింది. చౌడేపల్లె పిల్ల. తండ్రి ఆటో నడుపుతాడు. ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్ళు పాల కేంద్రంలో వెన్న శాతం చూసే పని చేసి, ఈ ఉద్యోగం వస్తే వచ్చింది. కాంట్రాక్టు ఏడాదికే, జూన్‌లో సొసైటీ మళ్ళీ రెన్యువల్ చెయ్యాలి. నెమ్మదైన మనిషి. తన సెక్షన్‌లో గట్టిగా ఏమీ అనకుండా ఐదు ఐసోమర్లు చెప్పి, పుస్తకాలు మూసేయించింది.

ప్రీఫైనల్‌కు రెండు సెక్షన్లకూ ఒకటే ప్రశ్నపత్రం. పేపర్లన్నీ నేనే దిద్దాను. ఐదు రాసిన రెండో సెక్షన్ పిల్లలందరికీ ఒక్కో మార్కు కొట్టేశాను. మరుసటి రోజు క్యాంటీన్ దగ్గర ఆరు వాళ్ళూ ఐదు వాళ్ళూ కలబడి చొక్కాలు చించుకున్నారు. ఆ మధ్యాహ్నం అమ్మాయి ల్యాబ్‌కు వచ్చింది.

"సార్, ఒక్క మాట. మీరు చెప్పే ఆరోదీ మూడోదీ ఒకటే సార్."

"అమ్మా, నేను ఈ పాఠం చెప్పేటప్పటికి నువ్వు పలక పట్టుకోని ఉంటావు."

"లేదు సార్. మీ క్లాసులో మూడో బెంచీలో కూర్చోని ఉండా. మీరు చెప్పిన ఆరే డిగ్రీలో బోర్డు మీద ఏసినా. మదనపల్లెలో క్లాసంతా నవ్వినారు. యాల నవ్వినారో తెలుసుకునేదానికి నాకు వారం పట్టింది." ఫోన్ తీసి చూపించబోయింది. "సూడండి సార్, యాడ సూసినా ఐదే ఉండాది."

"ఫోనుకేం తెలుసమ్మా," అన్నాను. అన్నది నేనేనని ఒప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

మా ప్రిన్సిపాల్ సివిక్స్ మనిషి. తగాదా ఏదైనా సరే, మీటింగు పెట్టి చేతులెత్తిస్తే తీరిపోతుందని ఆయన నమ్మకం. మర్నాడే స్టాఫ్ మీటింగు పెట్టాడు. ఎజెండాలో ఒకటే అంశం: హెక్సేన్ ఐసోమర్ల సంఖ్య.

లెక్కల లెక్చరర్ లేచి, గొడవ లేకుండా ఐదున్నర పెట్టుకుందామన్నాడు. లైబ్రేరియన్, పుస్తకాలన్నింటిలో ఇప్పటికే ఆరు రాసేశాం, మళ్ళీ కొడితే కాగితం చిరుగుతుందన్నాడు. ఫిజిక్సాయన, "ఇన్నేండ్లు ఆయనతో టీ తాగినాను, ఇప్పుడు ఐదుకు చెయ్యెత్తితే రేపు మొకం ఎట్ల సూసేది?" అన్నాడు. ఆటలు నేర్పే పీఈటీ అయితే అసలు ఏ విషయం మీద ఓటో అడక్కుండానే చెయ్యెత్తి, మీటింగు అయ్యేదాకా దించలేదు. అమ్మాయి చెయ్యెత్తింది. కాంట్రాక్టు వాళ్ళకు ఓటు లేదని ప్రిన్సిపాల్ గుర్తు చేశాడు. దింపింది.

"C6H14 అను అణుఫార్ములాకు ఆరు ఐసోమర్లు కలవని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని మినిట్స్ పుస్తకంలో ఎక్కింది. ఆ కిందనే ఇంకో తీర్మానం. ఒక ఐసోమర్‌ను విద్యార్థులకు అందకుండా చేసినందుకు సదరు కాంట్రాక్టు లెక్చరర్‌కు మెమో. మెమో ఉన్న ఫైలుకు సొసైటీ వాళ్ళు రెన్యువల్ ఇవ్వరని అందరికీ తెలుసు. ఆ అమ్మాయికీ తెలుసు. సంతకం పెట్టి మెమో తీసుకుని, చున్నీ సర్దుకుని క్లాసుకు పోయింది.

నేను గెలిచినవాడిలా ల్యాబ్‌కు వచ్చాను. బల్ల మీద ఆరు నమూనాలూ వరసగా ఉన్నాయి. వారం కిందటివి, కాయలు మెత్తబడ్డాయి. పారేద్దామని ఆరోదాన్ని ఎత్తాను. రోజూ నాలుగు కాయల వరసను పట్టుకుని ఎత్తేవాడిని. ఆ రోజు ఏమరుపాటున పొడుగు కొమ్మ చివరి కాయను పట్టుకున్నాను. మిగిలినవన్నీ కిందికి జారి వేలాడాయి. ఒకదాని కింద ఒకటి ఐదు కాయలు. నడిమి కాయకు పక్కన ఒక్క కాయ.

బల్ల మీద మూడో నమూనా చూశాను. ఐదు వరసగా, నడిమిదానికి ఒకటి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. రెండూ ఒకటే. గొలుసును ఎలా వంచినా అది అదే గొలుసు, ఎంత పొడుగుందో ఆ కొస నుంచి ఈ కొసకు లెక్కపెట్టండని పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకు నెత్తి మీద మొట్టి చెప్పిన వాడిని నేనే. నేను మాత్రం ఎప్పుడూ బోర్డు మీద అడ్డంగా ఉన్న నాలుగే లెక్కపెట్టాను. కొమ్మలోంచి లెక్క మొదలుపెట్టాలని తోచనే లేదు.

స్టూలు మీద కూలబడ్డాను. అప్పుడు నేను చేసిన పని మీరు నమ్మరు. తలుపు గడియ పెట్టి, సాక్ష్యం లేకుండా చేశాను. అంటే ఆ ఆరు టమాటాలూ తినేశాను. ల్యాబ్‌లో ఉప్పుకు కొదవ లేదు గానీ ఇక్కడిది ఏదీ నోట్లో పెట్టుకోకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది నేనే కాబట్టి ఉప్పు లేకుండానే తిన్నాను. చీపురుపుల్లలు విరిచి కిటికీలోంచి పారేశాను. కడుపు రెండు రోజులు చెడిపోయింది.

ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని పాపాలన్నీ ఒప్పుకున్నాను, ఐసోమర్ తప్ప. ఇంటికి వచ్చాక నా భార్య ఏమైందని నిలదీసింది. ఆమె ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, మొహం చూసి జ్వరం ఎంతో చెప్పగలదు. మొత్తం చెప్పేశాను.

"మేం వార్డులో మందు తప్పుగా ఇస్తే ఆ నిమిషమే పోయి చెప్పాల," అంది. "తిట్లు తింటాం, అది మనకు. చెప్పకుంటే దెబ్బ పేషెంటుకు. ఆ పాప ఏం చేసిందని నీ మందు ఆమె తాగాల?"

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ గదిలోకి పోయి, నిలబడే చెప్పాను. "నేను తప్పు చెప్పాను. ఐదే. అమ్మాయిది కరెక్టు."

ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"ఆ పాప ఉద్యోగం కోసరం మీరు తప్పు నెత్తినేసుకుంటాండారు. నాకు తెల్దా సార్? ఎంత పెద్ద మనసు సార్ మీది."

"మనసు కాదండీ, టమాటా," అన్నాను. కంగారులో ఏం అంటున్నానో నాకే తెలియలేదు. జరిగింది వివరించాను. చూపించండి అన్నాడు. తినేశాను అన్నాను. ఆయన నవ్వి, భుజం తట్టి, టీ తెప్పించాడు.

అక్కడినుంచి మొదలైంది నా అసలు కష్టం. నేను ఎంత గట్టిగా తప్పంటే, నా గొప్పతనం అంత పెరిగింది. స్టాఫ్ రూములో ఫిజిక్సాయన కావలించుకున్నాడు. నా సెక్షన్ పిల్లలు, మా సార్ చేత బలవంతంగా తప్పొప్పిస్తున్నారని క్లాసులు బహిష్కరించి "ఆరు ఆరే!" అని గేటు దగ్గర అరిచారు. నేను పోయి "ఐదురా" అంటే ఇంకా గట్టిగా అరిచారు. రెండో రోజుకు ఐదు రాసిన రెండో సెక్షన్ వాళ్ళు కూడా నా త్యాగానికి కరిగిపోయి వాళ్ళతో కలిశారు. ఆ కాలేజీలో ఐదు అనేవాళ్ళం ఇద్దరమే మిగిలాం. అందులో ఒకరికి ఓటు లేదు, ఇంకొకరి మాట ఎవరూ నమ్మరు.

ఆ సాయంత్రం కాలేజీ గేటు బయట ఒక ఆటో ఆగింది. అమ్మాయి తండ్రి, వెనకే అమ్మాయి. ఆయన దిగీ దిగకముందే నా కాళ్ళ మీదికి వంగాడు.

"సార్, మా పాప తెలీక అనేసుండాది. ఆరే అని కాయితం రాసిస్తాది. మీరొక్క మాట చెప్తే మెమో తీసేస్తారంట."

"అయ్యా, మీ పాప చెప్పిందే నిజం. నేనే తప్పు."

ఆయన బెదిరిపోయాడు. "మీరట్ల అంటే నాకు బయమేస్తాది సార్." వెనక్కి తిరిగి కూతురితో అన్నాడు, "ఒక్క నెంబరు గదమ్మా. పోతే పోనీ. మళ్ళీ పాల కేంద్రానికి పోతావా ఏంది?"

అమ్మాయి తండ్రిని లేపి ఆటోలో కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చింది. "అందురూ మిమ్మల్ని మంచోరు మంచోరు అంటాండారు సార్. ఆ మంచితనం నాకు మెమో తెచ్చింది. నాకు మంచితనం వద్దు. ఆరోది లేదని సంతకం పెట్టి రాసియ్యండి."

చిన్నగా, మర్యాదగానే అంది. నా ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో అంత దెబ్బ ఎవరూ కొట్టలేదు. అక్కడే, ఆటో సీటు మీద కాగితం పెట్టి రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

రాతపూర్వకంగా వచ్చేసరికి ప్రిన్సిపాల్ ఇరుకున పడ్డాడు. తీర్మానం మార్చాలంటే కెమిస్ట్రీ తెలిసినవాళ్ళ అభిప్రాయం కావాలి. కాలేజీలో కెమిస్ట్రీ తెలిసింది ఇద్దరికే. ఒకరి మీద మెమో ఉంది, ఇంకొకరు త్యాగంలో ఉన్నారు. అందుకని బయటి నిపుణుణ్ణి పిలిపించాడు, కుప్పంలో డిగ్రీ లెక్చరర్‌ని.

ఆయన గేటులోంచి వస్తుంటేనే గుర్తుపట్టాను. నా దగ్గర చదివినవాడే. పలమనేరులో బస్సు మారి, శాలువా, పళ్ళు పట్టుకుని వచ్చాడు. స్టాఫంతా చూస్తుండగా నాకు శాలువా కప్పి పాదాలకు దండం పెట్టాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు ఆలోచించి తీర్పు చెప్పాడు.

"ఆరే. ఇందులో ఆలోచించేది ఏముండాది? సార్ చెప్పినదాంట్లో ఒకటి తగ్గించే మొగోడు యాడా పుట్టలేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయి గోడ వైపు చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. కానీ ఈసారి ముందుచూపుతో సంచీ తెచ్చుకున్నాను. శాలువా తీసి బల్ల మీద పరిచి, గట్టి దోరకాయలు పన్నెండు ఏరి, మూడోదీ ఆరోదీ అందరి కళ్ళముందే గుచ్చాను. ఆరోదాన్ని శిష్యుడి చేతికిచ్చాను.

"ఇదేం బొమ్మ?"

"ఆరోది సార్. మీరు కనిపెట్టింది."

"ఈ కొమ్మ కొస పట్టుకుని పైకెత్తు. కింద ఎన్ని వేలాడుతున్నాయో ఆ కాయతో కలిపి లెక్కపెట్టు."

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు." ఆగాడు. "నడిమిదానికి పక్కన ఒకటి."

"ఇప్పుడు రెండో చేత్తో మూడో బొమ్మ ఎత్తు."

ఎత్తాడు. రెండు చేతుల్లో రెండూ పక్కపక్కన వేలాడాయి. ఒకదాన్ని తిప్పాడు, ఇంకోదాన్ని తిప్పాడు. ఏది ఏదో ఆయనకే తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆయన ముఖంలో రంగు పోవడం చూశాను. నా ముఖం కూడా ఆ రోజు ల్యాబ్‌లో అలాగే పోయి ఉంటుంది.

"పదకొండేండ్లుగా చెప్తాండా సార్," అన్నాడు గొంతు తగ్గించి. "వాల్యుయేషన్‌కు కూడా పోతాండా. ఐదు రాసినోళ్ళకంతా కొట్టేసినా. మా సార్ చెప్పింది తెలీని పిల్లోళ్ళు అని తిట్టుకుంటా కొట్టేసినా."

పీఈటీ చెయ్యెత్తాలా వద్దా అని ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ఆ పిల్లలు ఎంతమందో, ఎవరో, ఆ మార్కు దగ్గర ఏం పోగొట్టుకున్నారో నాకు తెలిసే దారి లేదు. మీరెప్పుడైనా పేపర్లు దిద్దుతూ ఎర్ర పెన్ను ఎత్తితే ఇది గుర్తు చేసుకోండి, ఈ రాతలో నేను చెప్పే నీతి అంతకంటే ఏమీ లేదు.

ప్రిన్సిపాల్ తేరుకున్నాడు. "కెమిస్ట్రీ వాళ్ళంతా ఒక మాట మీదికి వచ్చినారు, సంతోషం. మరి ఇప్పుడు ఎన్నని రాయమంటారు?"

"ఐదు," అన్నాం ముగ్గురం.

తీర్మానం ఇలా వచ్చింది: "సీనియర్ లెక్చరర్ గారి కోరిక మేరకు, వారి సుదీర్ఘ సేవలకు గౌరవసూచకంగా, C6H14 ఐసోమర్ల సంఖ్యను ఆరు నుండి ఐదుకు తగ్గించడమైనది. సదరు కాంట్రాక్టు లెక్చరర్‌ను క్షమించి మెమో ఉపసంహరించడమైనది."

"క్షమించి అనే మాట తీసెయ్యండి," అన్నాను. "ఆమె చేసిన తప్పేమిటి?"

"క్షమించకుండా మెమో ఎట్ల తీసేస్తాం సార్?" ప్రిన్సిపాల్ నిజంగానే అయోమయంగా చూశాడు. "ఆమె తప్పు లేదని రాస్తే, ఇచ్చినోళ్ళది తప్పయిపోతాది. ఏకగ్రీవంగా ఇచ్చినాం గదా."

అప్పుడు గట్టిగా పట్టుబట్టాల్సింది. అలసిపోయాను, బస్సు టైమైంది, రెన్యువల్ వస్తే చాలనుకున్నాను. అందరితో పాటు నేనూ సంతకం పెట్టాను. ఇది నా రెండో తప్పు. దీనికి టమాటాలతో పని లేదు.

మరుసటి రోజు రెండు సెక్షన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, 6 కొట్టేసి 5 రాయించాను. కొన్ని పుస్తకాల్లో కాగితం నిజంగానే చిరిగింది. తర్వాత రెండు నెలలు సెలవు రోజుల్లో సోమల, పెద్దతిప్పసముద్రం, ఇంకా ఎక్కడెక్కడో నా శిష్యులు పాఠం చెప్పే ఊళ్ళకు సంచీతో పోయాను. అందరూ భోజనం పెట్టారు. కొందరు నమ్మారు. జూన్‌లో నేను రిటైరయ్యాను.

అమ్మాయికి రెన్యువల్ వచ్చింది. కాకపోతే ఆ ఫైలులో "క్షమించి" అనే కాగితం ఉండిపోయింది. క్షమించారంటే ఏదో చేసే ఉంటుంది గదా. ఏటా జూన్‌లో సొసైటీ ఆఫీసులో ఎవరో ఒకరు ఆ కాగితం దగ్గర ఆగుతారు. మొదటి ఏడాది ఆమె ఒక్కతే పోయి, పొద్దుగూకేదాకా నిలబడి సంజాయిషీ చెప్పుకుని వచ్చిందని ఎవరో చెప్తే తెలిసింది. రెండో ఏడాది నుంచి నేనూ పోతున్నాను. ఆఫీసు మా ఇంటికి నడిచేంత దూరమే.

ఈ ఏడాది సీట్లో కొత్త మనిషి ఉన్నాడు. కుర్రవాడే. ఫైలు తిప్పి తలెత్తాడు.

"మెమో యాల ఇచ్చినారమ్మా?"

"హెక్సేన్‌కు ఐదు ఐసోమర్లని చెప్పినా సార్."

"నిజానికి ఎన్నుండాయి?"

"ఐదే సార్."

"ఐదుంటే ఐదని చెప్పినందుకు మెమో ఇచ్చి, మళ్ళీ క్షమించినారా?"

"అవును సార్."

అతను పెన్ను కింద పెట్టాడు. ఆమె ఏదో దాస్తోందని అతని అనుమానం. నాకు అర్థమైంది. పక్కకు చూసి అప్పుడే నన్ను గమనించినట్టున్నాడు.

"మీరెవరు పెద్దాయనా?"

"ఆరు అన్నవాణ్ణి," అన్నాను. "తప్పు చెప్పింది నేను. ఈ అమ్మాయి కాదు. కావాలంటే ఆ ఫైలులో నా పేరు రాసుకో నాయనా."

అతను చటుక్కున లేచాడు. "అయ్యో, మీరు ఈ ఎండలో యాల వచ్చినారు సార్? పెద్దోళ్ళు," అంటూ లోపలికి కేకేసి కుర్చీ తెప్పించి, దుమ్ము తుడిపించి, నాకు వేయించాడు. ఒకటే కుర్చీ. అమ్మాయి ఫైలు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

నేను కూర్చోలేదు.